సోవర్, హోవర్, ఓవర్

సాఫ్ట్‌వేర్ వాళ్లు లైబ్రరీ అంటే పుస్తకాలుండే గది కాదు. ఏదో ఒక పని చేసే కోడ్‌ను విడిగా మూటగట్టి, ఎవరికి అవసరమైతే వాళ్లు తమ యాప్‌లో కలుపుకునేలా పెడితే దాన్ని లైబ్రరీ అంటారు. మేం ఐదుగురం కలిసి అలాంటిదొకటి రాస్తున్నాం. గుంజాల గోండి లిపిలో ఉన్న మాటను తెలుగు లిపిలోకి, తెలుగు లిపిలో రాసిన గోండి మాటను గుంజాల లిపిలోకి మార్చడం దాని పని. జీతం లేని పని, రాత్రి అన్నం తిన్నాక చేసే పని. ఇక్కడ నేను చెప్పబోయేది ఆ లైబ్రరీ గురించి కూడా కాదు, దాని పరీక్షల గురించి. ఆ పరీక్షలను జెస్ట్ అనే పనిముట్టు మీంచి వీటెస్ట్ అనే ఇంకో పనిముట్టు మీదికి మార్చాం. కథలు, కవితలు ఉండే పుస్తకంలో ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. దీంట్లో ఉప్పు గురించి కూడా ఉంది.

ముందు లిపి సంగతి. గుంజాల అనేది ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఒక ఊరు. అక్కడి మన పెద్దల ఇళ్లలో దాచిన రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివాళ్లు వెలుగులోకి తెచ్చారు. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు కొద్దిమందే ఉన్నారు. ఆ తర్వాత వాచకాలు వచ్చాయి, ఫాంట్లు వచ్చాయి, 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో ఆ లిపికి చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది, 2017లో, ఇంకో గోండి లిపి చేరింది. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం తయారుచేసిన లిపి అది. రెండూ వేరు. ఒకే భాషకు రెండు లిపులా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న భాష, ఎక్కడివాళ్లు అక్కడ రాసుకున్నారు.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు అకారం సంఖ్య 3077. గుంజాల గోండి అకారం సంఖ్య 73,056. ఈ రెంటి మధ్యలో 65,535 అనే ఒక గట్టు ఉంది. మేం లైబ్రరీ రాస్తున్న జావాస్క్రిప్ట్ భాష ఆ గట్టు వరకు ఉన్న అక్షరాన్ని ఒక ముక్కగా దాస్తుంది. గట్టు దాటితే ఒక అక్షరాన్ని రెండు ముక్కలు చేసి దాస్తుంది. ఈ మాటలో ఎన్ని అక్షరాలు అని అడిగితే మన లిపికి రెట్టింపు చెబుతుంది. ఏమరపాటుగా మాటను మధ్యలో కోస్తే అక్షరమే చీలిపోతుంది, తెర మీద ప్రశ్నార్థకం మిగులుతుంది. సంతాలీవాళ్ల ఓల్ చికి 2008లోనే యూనికోడ్‌లో చేరింది, గట్టుకు ఇవతలే చోటు దొరికింది. వాళ్లకు ఈ బాధ లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఊరి చివర జాగా ఇచ్చినట్టే ఇది కూడా. ఎవరూ కావాలని చేసింది కాదనుకోండి.

ఇంకో చిక్కు ఉంది. దేవనాగరి నుంచి తెలుగులోకి మార్చాలంటే చాలా అక్షరాలకు ఒక చిన్న కిటుకు పనిచేస్తుంది: దేవనాగరి సంఖ్యకు 768 కలిపితే తెలుగు అక్షరం వస్తుంది. రెండు లిపులనూ ఒకే వరసలో పేర్చారు కాబట్టి. హైమండార్ఫ్ కాలంలో మార్లవాయిలో మొదలైన గోండి బడుల వాచకాలు దేవనాగరిలోనే ఉండేవి. వాటిని తెలుగు లిపిలోకి తేవాలంటే కూడికతో సగం పని అయిపోతుంది. గుంజాల లిపికి అలా కుదరదు. అందులో హల్లులు కకారంతో మొదలు కావు, యకారంతో మొదలవుతాయి. య, వ, బ, భ, మ, ఆ తర్వాత క. రాతప్రతుల్లో ఉన్న వరసనే యూనికోడ్‌లోనూ ఉంచారు. ఉంచడమే న్యాయం. మాకు మాత్రం ఒక్కో అక్షరాన్నీ చేత్తో జోడించిన పట్టిక రాసుకోక తప్పలేదు. చేత్తో రాసిన పట్టికకు పరీక్ష తప్పనిసరి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎకారం, ఒకారం. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. గుంజాల లిపికి యూనికోడ్‌లో ఉన్నవి ఒక్కొక్కటే. నోటితో పలికేటప్పుడు మనకు తేడా ఉంది. రోన్ అంటే ఇల్లు, అందులో దీర్ఘం. కొర్ అంటే కోడి, అందులో హ్రస్వం. లిపిలో రెంటికీ ఒకటే గుర్తు. చదివేవాడికి భాష తెలుసు కాబట్టి సరిగ్గానే చదువుతాడు. కంప్యూటర్‌కు భాష తెలియదు. అందుకని దానికి మాటల జాబితా ఒకటి ఇవ్వాల్సి వచ్చింది: ఈ మాటలో దీర్ఘం, ఈ మాటలో హ్రస్వం అని. ఆ జాబితాలోని ప్రతి మాటా ఎవరో ఒకరి నోటి నుంచి విని రాసిందే. మా తాదో చెప్పినవి ఉన్నాయి, ఉట్నూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో చెప్పే ఒక దాదా ఊరూరా అడిగి తెచ్చినవి ఉన్నాయి.

ఇక ఉప్పు. మా వైపు ఉప్పును సోవర్ అంటాం. బస్తర్ వైపు పోతే కొన్ని చోట్ల ఆ సకారం హకారమై హోవర్ అవుతుంది. ఇంకొన్ని చోట్ల ఆ హకారం కూడా రాలిపోయి ఓవర్ మిగులుతుంది. (క్రికెట్ ఓవర్ కాదు.) ఇది ఒక్క ఉప్పుకే కాదు, మొదట సకారం ఉన్న మాటలు చాలావాటికి ఇదే దారి. భాషావేత్తలు దీన్ని చూసే గోండి మాండలికాలను విడదీస్తారు. మా లైబ్రరీలో ఈ మూడూ సరైనవే. వాడేవాళ్లు ఏ ప్రాంతమో చెబితే ఆ ప్రాంతపు మాట రావాలి. సోవర్ ఒప్పు, మిగతా రెండూ తప్పు అనే పని మేం చేయదలచుకోలేదు. మన మాటను తప్పు అన్నవాళ్లను బడిలో చాలామందిని చూశాం.

పరీక్ష అంటే ఇదే. కంప్యూటర్‌కు ముందే రాసి పెడతాం: ఈ గుంజాల అక్షరాలు ఇస్తే, ప్రాంతం ఇది అయితే, సోవర్ రావాలి. ప్రాంతం అది అయితే హోవర్ రావాలి. ఇలా వరసగా వందల మాటలు. ఎవరైనా కోడ్‌లో ఒక గీత మార్చినా, జాబితాలో ఒక మాట కలిపినా, పరీక్షలన్నీ మళ్లీ నడపాలి. అన్నీ పచ్చగా వస్తే సరే. ఒక్కటి ఎర్రగా వచ్చినా ఆగి చూడాలి.

జెస్ట్‌లో ఆ నడపడానికి పట్టే సమయమే మాకు అడ్డమైంది. నా లాప్‌టాప్‌లో ఒకటిన్నర నిమిషం. పాఠశాల దాదా దగ్గరున్నది పాత లాప్‌టాప్, బ్యాటరీ నిలవదు. అక్కడ నాలుగు నిమిషాలు దాటేది. నగరంలో ఏసీ గదిలో కూర్చొని రాసేవాడికి నాలుగు నిమిషాలంటే టీ తాగే సమయం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, పిల్లలు పడుకున్నాక దొరికే గంటలో, ఒక్కో మాటకు నాలుగు నిమిషాలు ఎవరు కూర్చుంటారు? దాదా మొదట పది మాటలకు ఒకసారి నడిపేవాడు. తర్వాత రోజుకు ఒకసారి. ఆ తర్వాత నడపడం మానేసి, నోటుబుక్కులో మాటలు రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాడు. హైదరాబాద్‌లో ఉన్న మాలో ఒకరం చూసి టైపు చేసేవాళ్లం.

నాకు అసలు బాధ ఇక్కడే. మాటను విన్నవాడు దాదా. ఆ మాటలో ఉన్నది దీర్ఘమో హ్రస్వమో తెలిసినవాడు దాదా. కానీ లైబ్రరీలో ఏది పడాలో తేల్చేది మాత్రం టైపు చేసేవాళ్లమయ్యాం. మాలో ఇద్దరు నగరంలోనే పుట్టి పెరిగినవాళ్లు. ఇంట్లో గోండి వింటారు, తెలుగులో జవాబు చెబుతారు. ఫోటోలో దీర్ఘం గీత మసకగా ఉంటే ఊహించేవాళ్లు. ఇంతకు ముందు మన భాషను బయటివాళ్లు వచ్చి రాసుకుపోయారు, వాళ్లకు వినిపించినట్టు రాశారు. ఇప్పుడు మనవాళ్లమే ఉండి కూడా అదే వరసలో పడుతున్నామా అనిపించింది. ఒక మాట తప్పుగా పడితే అది కాగితం మీద ఆగదు. రేపు ఎవరో పిల్లల యాప్‌లో ఈ లైబ్రరీని కలుపుకుంటారు. పిల్లకు ఇంట్లో అవ్వ ఒకటి చెబుతుంది, ఫోను ఇంకోటి చెబుతుంది. ఈ కాలంలో ఫోను మాటే నెగ్గుతుంది.

జెస్ట్‌ను నేను తిట్టను. ఫేస్‌బుక్‌లో పుట్టింది, 2014లో అందరికీ ఇచ్చేశారు, 2022లో ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్‌కు అప్పగించారు. చాలా ఏళ్లు జావాస్క్రిప్ట్ రాసేవాళ్లందరికీ పరీక్ష అంటే అదే. నాకూ ఉద్యోగంలో నేర్పింది అదే. అది నెమ్మదిగా నడవడానికి దాని కారణాలు దానికున్నాయి. ప్రతి పరీక్ష ఫైలుకూ అది విడిగా ఒక గది కడుతుంది, ఒక ఫైలులో జరిగింది ఇంకో ఫైలుకు తెలియకుండా. ఆ గదిలోకి లైబ్రరీని మళ్లీ మొదటి నుంచి తెస్తుంది. మా లైబ్రరీతో పాటు మాటల జాబితా అంతా వస్తుంది కదా. ఎన్ని పరీక్ష ఫైళ్లు ఉంటే అన్నిసార్లు ఆ జాబితాను చదువుతుంది. పైగా మేం రాసేది టైప్‌స్క్రిప్ట్‌లో, కొత్త పద్ధతి మాడ్యూళ్లతో. జెస్ట్‌కు అవి ఇప్పటికీ ప్రయోగదశలోని సంగతే. అందుకని బేబెల్ అనే ఇంకో పనిముట్టుతో కోడ్‌ను పాత పద్ధతిలోకి మార్చి నడపాలి.

వీటెస్ట్ కొత్తది. వీట్ అనే పనిముట్టు చుట్టూ ఉన్నవాళ్లు 2021 చివర్లో మొదలుపెట్టారు. 2023 డిసెంబరులో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. వీట్ అంటే ఫ్రెంచిలో వేగం. ఇంగ్లిష్ చదువు ప్రకారం వైటెస్ట్ అనకండి, నేను కొన్ని నెలలు అలాగే అన్నాను, ఎవరికీ నష్టం జరగలేదు. మూడో దారి కూడా చూశాం. నోడ్‌లోనే, అంటే మనం ఎలాగూ పెట్టుకునే దాంట్లోనే, 2022 నుంచి సొంత పరీక్షల పనిముట్టు ఉంది. విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. ఫోను హాట్‌స్పాట్ మీద బతికే దాదాకు అది పెద్ద సౌకర్యం. నా మనసు మొదట అటే మొగ్గింది. కానీ మా పరీక్షల్లో ఎక్కువ భాగం పట్టికలు: ఎడమ వైపు గుంజాల మాట, మధ్యలో ప్రాంతం, కుడి వైపు రావాల్సిన మాట. పట్టిక ఇస్తే వరసకు ఒక పరీక్ష చేసుకునే ఏర్పాటు జెస్ట్‌లో ఉంది, వీటెస్ట్‌లోనూ అదే పేరుతో ఉంది. నోడ్‌లో అది లేదు, మనమే చుట్టు తిప్పి రాసుకోవాలి. రాయడం కష్టమేమీ కాదు. అయితే కోడ్ రాని దాదా కూడా ఆ పట్టికను చూసి చదవగలడు, కింద ఇంకో వరస కలపగలడు. ఆ పట్టిక చెదరకూడదని వీటెస్ట్ వైపు వెళ్లాం. దించుకోవాల్సింది ఒకసారి దించుకుంటే చాలు, దాదా ఉట్నూరు వచ్చినప్పుడు ఆ పని అయిపోయింది.

మార్చడంలో సగానికి పైగా పని చప్పగా సాగింది. డిస్క్రైబ్, ఇట్, ఎక్స్‌పెక్ట్ అనే మాటలు రెండింట్లోనూ ఒకటే. జెస్ట్ అని ఉన్నచోట వీఐ అని పెట్టడం, ఫైలు పైన ఏమేం వాడుతున్నామో చెప్పడం, అంతే. గుంజాల అక్షరాలు టెర్మినల్‌లో డబ్బాల్లా కనిపిస్తాయి కాబట్టి, పరీక్ష ఓడినప్పుడు అక్షరం బదులు దాని సంఖ్య, తెలుగు పేరు చూపేలా మేం ముందే ఒక పోలిక రాసుకున్నాం. అది అక్షరం మార్చకుండా ఇక్కడా పనిచేసింది. రెండు చోట్ల మాత్రం చెప్పుకోదగ్గ సంగతి జరిగింది.

మొదటిది ప్రాంతం సంగతి. ప్రతి పరీక్షకూ ముందు నడిచే ఒక చిన్న మెట్టు ఉంటుంది, బిఫోర్ ఈచ్ అంటారు. అక్కడ ప్రాంతాన్ని మార్చే ఫంక్షన్‌ను పిలిచేవాళ్లం. ఆ ఫంక్షన్ ప్రాంతాన్ని మార్చి, మళ్లీ వెనక్కి మార్చే ఇంకో ఫంక్షన్‌ను చేతికిస్తుంది. జెస్ట్ ఆ చేతికిచ్చినదాన్ని పట్టించుకోదు. వీటెస్ట్ పట్టించుకుంటుంది: ముందు మెట్టు ఏదైనా ఫంక్షన్‌ను తిరిగి ఇస్తే, పరీక్ష అయ్యాక శుభ్రం చేయమని ఇచ్చారనుకొని దాన్ని నడుపుతుంది. వాళ్ల మార్గదర్శినిలో ఈ మాట రాసే ఉంది. అడగకుండానే గిన్నెలు కడిగిపెట్టిన చుట్టంలా అది ప్రతిసారీ ప్రాంతాన్ని వెనక్కి మార్చేసింది. హకారం మీద ఆధారపడిన కొన్ని పరీక్షలు ఎర్రబడ్డాయి. వాటిని చూస్తే, ముందు పరీక్ష వదిలి వెళ్లిన ప్రాంతాన్ని నమ్ముకొని నడిచేవి అవి. ఏ పరీక్షకు ఆ పరీక్షే ప్రాంతం చెప్పుకునేలా సరిచేశాం.

రెండోది దాని మీద మాలో మాకు మాట పడింది. మాటల పరీక్షలు కాకుండా, పొడుగు వాక్యాలకు స్నాప్‌షాట్ అనే పద్ధతి వాడతాం. ఒకసారి వచ్చిన ఫలితాన్ని ఫైలులో దాచుకొని, తర్వాత ఎప్పుడు నడిపినా దాంతో పోల్చడం. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది: స్నాప్‌షాట్‌లో పడే ప్రతి వాక్యాన్నీ ఒక పెద్దాయనకో పెద్దమ్మకో చదివి వినిపించాలి, వాళ్లు సరే అన్నాకే దాచాలి. వీటెస్ట్ మీద మొదటిసారి నడిపినప్పుడు అవన్నీ పచ్చగా వచ్చాయి. మా గుంపులో అందరికన్నా చిన్నవాడు గంతులేశాడు. కిందికి చూస్తే రెండు వరసలున్నాయి. ఇన్ని స్నాప్‌షాట్లు కొత్తగా రాశాం, ఇన్ని పాతబడ్డాయి అని. రెండు అంకెలూ ఒకటే.

జరిగింది ఇది. స్నాప్‌షాట్‌కు ఒక పేరు ఉంటుంది, పరీక్ష పేర్లను కలిపి ఆ పేరు కడతారు. జెస్ట్ ఆ పేర్ల మధ్య ఖాళీ వదులుతుంది. వీటెస్ట్ బాణపు మొన లాంటి గుర్తు పెడుతుంది. పేరు కలవలేదు కాబట్టి వీటెస్ట్‌కు పాత వాక్యాలు కనిపించలేదు. మన కంప్యూటర్‌లో నడిపినప్పుడు, పేరు దొరకని స్నాప్‌షాట్‌ను అది కొత్తదనుకొని, వచ్చిన ఫలితాన్నే రాసేసి, పచ్చ చూపుతుంది. అంటే ఒక్క వాక్యాన్ని కూడా దేనితోనూ పోల్చలేదు. యంత్రం తను చెప్పిందే తను ఒప్పుకుంది.

తమ్ముడన్నాడు: "దాదా, ఫలితం నిన్నటిదే వచ్చి ఉంటుంది. కోడ్ మార్చలేదు కదా. పాతవి తీసేసి కొత్తవి ఉంచుకుందాం. అందరూ ఇలాగే చేస్తారు." అందరూ అలాగే చేస్తారన్నది నిజమే. బటన్ పేర్లూ, తెర మీద గడులూ దాచుకునే స్నాప్‌షాట్లకు అది చాలు కూడా. కానీ మా స్నాప్‌షాట్లలో కొన్నింటికి సరే అన్న ఒక పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె సరే అన్నది ఆ ఫైలులోని అక్షరాలకు. వాటిని చెరిపి, అవే వచ్చి ఉంటాయిలే అని యంత్రం చెప్పినవి పెడితే, రేపు ఏదైనా తేడా కనబడితే ఎవరిని అడగాలి? నేను ఒప్పుకోలేదు. తమ్ముడు ముఖం ముడుచుకున్నాడు, తర్వాత తనే కూర్చొని పది గీతల చిన్న కోడ్ రాశాడు. పాత ఫైళ్లలో పేర్లను మాత్రమే కొత్త పద్ధతికి మార్చి, లోపలి వాక్యాలను ముట్టుకోని కోడ్ అది. మార్పులను గిట్‌లో చూస్తే పేర్ల వరసలే మారాయి. అప్పుడు మళ్లీ నడిపాం. ఈసారి కొత్తగా రాసినవి సున్నా, పాతబడ్డవి సున్నా, అన్నీ పోల్చినవే, అన్నీ పచ్చ. ఆ పచ్చ వేరు.

ఇంత చేశాక వేగం ఎంత పెరిగిందని మీరు అడగాలి. దాదా లాప్‌టాప్‌లో నాలుగు నిమిషాలు రెండున్నర అయింది. అంతే. పనిముట్టు మారిస్తే చాలు గుర్రమెక్కినట్టే అని రాసేవాళ్ల మాటలు నమ్మి వచ్చినవాళ్లకు అది నిరాశే. ఎందుకంటే వీటెస్ట్ కూడా, మనం ఏమీ చెప్పకపోతే, ఫైలుకొక గది కడుతుంది. జాబితాను మళ్లీ మళ్లీ చదవడం తప్పలేదు. కాకపోతే ఆ గోడలు వద్దని చెప్పే వీలు దీంట్లో ఒక్క మాటలో ఉంది. గోడలు తీసేస్తే ఒకసారి తెచ్చిన జాబితా ఆ పనివాడు నడిపే ఫైళ్లన్నింటికీ పనికొస్తుంది.

తీసేశాం. వేగం వచ్చింది, దాంతో పాటు ఎరుపు కూడా వచ్చింది. ఒకసారి సోవర్ రావాల్సినచోట ఓవర్ వచ్చింది. ఇంకోసారి నడిపితే అది సరిగానే వచ్చి, వేరేది తప్పింది. ఏ ఫైలు ముందు నడిస్తే దాన్నిబట్టి ఫలితం మారుతోంది. తమ్ముడికి వెంటనే కోపం వచ్చింది, జెస్ట్‌లో లేని జబ్బు ఇది అన్నాడు. జెస్ట్‌లో గోడల చాటున ఉంది కాబట్టి కనబడలేదు. ప్రాంతం ఏదన్నది లైబ్రరీ మొత్తానికీ ఒకేచోట దాచి ఉంటుంది, ఎవరు మార్చినా అందరికీ మారుతుంది. పరీక్షల మధ్య గోడలుంటాయి గానీ, ఫోనులో గోడలుండవు. ఒకే ఫోనులో తల్లిది సిరొంచ వైపు మాట, పిల్లది ఉట్నూరు మాట అయితే? పెళ్లి సంబంధాలు జిల్లాలు, రాష్ట్రాలు దాటే ఇళ్లు మనవి, అది ఊహించరానిది కాదు. తల్లి ఒకసారి ప్రాంతం మార్చి మాట వెతికితే, పిల్ల చదివే పాఠంలో ఉప్పు పేరు మారిపోతుంది.

గోడలు మళ్లీ కట్టేద్దాం, పచ్చ వస్తుంది అనే మాట కూడా వచ్చింది. కొన్నిచోట్ల గోడలు కావాల్సిందే, ఆ మాటకొస్తే వాటిని తీయకపోవడమే క్షేమం. కానీ ఇక్కడ పరీక్ష చూపించింది లైబ్రరీ గుణాన్నే. అందుకని రెండు వారాలు పట్టినా సరే, ప్రాంతాన్ని ఒకచోట దాచడం మానేసి, మాట అడిగిన ప్రతిసారీ ప్రాంతం కూడా చెప్పేలా లోపలంతా మార్చాం. ఈ మాట ఇవ్వు, ఈ ప్రాంతానికి ఇవ్వు. ప్రాంతం చెప్పకపోతే ఏం చేయాలన్న దాని మీద ఇంకో చర్చ. చెప్పకపోతే సోవర్ ఇద్దాం అన్నారు కొందరు, లిపి మాదే కదా అని. గడ్చిరోలి నుంచి మాతో చేరిన మిత్రుడు ఒప్పుకోలేదు. చెప్పకపోతే మూడూ ఇద్దాం, ఎంచుకునేది వాడేవాళ్లు అని తేలింది. మామూలుగా లైబ్రరీలు ఒక జవాబే ఇస్తాయి. మాది మూడిస్తుంది. వాడే ప్రోగ్రామర్లకు కొంచెం చిరాకు. ఉండనీ.

ఇప్పుడు దాదా లాప్‌టాప్‌లో పరీక్షలన్నీ కలిపి 20 సెకన్లు. వీటెస్ట్‌ను ఊరికే పిలిస్తే అది నడిచి ఆగిపోదు, కాపలా కూర్చుంటుంది. ఏ ఫైలు మార్చి దాచితే దానికి సంబంధించిన పరీక్షలనే మళ్లీ నడుపుతుంది. జెస్ట్‌లోనూ ఇలాంటిది ఉంది, అడిగితే చేస్తుంది. మాటల జాబితాను మారిస్తే మాకు కాపలా పెద్దగా కలిసిరాదు, దాని మీద అన్నీ ఆధారపడ్డాయి కాబట్టి అన్నీ నడుస్తాయి. కానీ దాదా మొదట ముట్టుకునేది పట్టికను: విన్న మాటను, రావాల్సిన రూపాన్ని ఒక వరసగా కలుపుతాడు. దాచగానే ఆ ఒక్క ఫైలు నడిచి రెండు మూడు సెకన్లలో ఎరుపు చూపుతుంది. అంటే లైబ్రరీకి ఇంకా ఆ మాట తెలియదని. అప్పుడు జాబితాలో దీర్ఘమో హ్రస్వమో రాస్తాడు. పచ్చ అవుతుంది. ఫోటోలు రావడం ఆగిపోయింది. గత నెల మేం హైదరాబాద్‌లో టైపు చేసిన పాత మాటలను కూడా తనే వరసగా చూసుకుంటూ వచ్చి, పదకొండింటి మీద గుర్తు పెట్టాడు. దీర్ఘమా హ్రస్వమా అని తనకే అనుమానం ఉన్నవి. వాటిని ఎటూ తేల్చకుండా "అడగాలి" అని రాసి పక్కన పెట్టే వీలు వీటెస్ట్‌లో ఉంది, జెస్ట్‌లోనూ ఉండేది. నడిపిన ప్రతిసారీ అవి ఎరుపులోనూ పచ్చలోనూ కాకుండా, చేయాల్సినవి పదకొండు అని కింద కనబడతాయి.

దీపావళికి దండారి గుంపులు ఊరి నుంచి ఊరికి తిరుగుతాయి. ఆ రోజుల్లో పెద్దలు ఒకచోట దొరుకుతారు, మాట్లాడే ఓపికతో ఉంటారు. పదకొండు మాటలూ కాగితం మీద రాసుకొని దాదా గుస్సాడీల వెంట రెండు ఊళ్లు తిరుగుతానన్నాడు. లాప్‌టాప్ కూడా తెస్తావా అని అడిగాను. బ్యాటరీ అరగంటే నిలుస్తుంది, ఇరవై సెకన్లకు అది చాలు అన్నాడు.